కూర్చునే పని

స్టూలు మీద ఆమె సగమే కూర్చుని ఉంది. బరువంతా ఎడమ వైపు మోపి, కుడి వైపును కాస్త పైకి ఎత్తి పట్టుకుంది. కుడి కాలు మాత్రం పెడల్ మీద ఉండక తప్పదు. దూరంగా చాచిన ఆ కాలి వెంట, పిర్ర లోపలి నుంచి మోకాలి వెనక దాకా, ఎవరో తాడు పేనుతున్నట్టు నొప్పి మెలి తిరుగుతోంది.

కాలరు మొన దగ్గరికి రాగానే సూదిని గుడ్డలోనే ఆపి, గుడ్డను తిప్పి, మళ్లీ తొక్కాలి. ఒక కుట్టు ముందు ఆగితే మొన మొద్దుగా వస్తుంది. ఒక కుట్టు తర్వాత ఆగితే లోపలి గట్టి గుడ్డ బయటికి తొంగి చూస్తుంది. ఆ షెడ్డులో ఆమె తిప్పినంత పదునుగా మొన తిప్పేవాళ్లు లేరు. అందుకే అందరూ ఆమెను కాలరక్క అంటారు. పక్క మిషన్ మీద జేబులు కుట్టే ఆవిడ జేబులక్క. వాళ్ల వెనక తిరిగే సూపర్‌వైజర్‌కి ఎదురుగా మేడమ్ అని ఒక పేరు, చాటుగా గద్ద అని ఒక పేరు.

గద్ద వచ్చి వెనక నిలబడింది.

"ఏమ్మా, కాలర్లు కుడుతున్నావా, గుడ్డు పెడుతున్నావా? ఆ వంకర కూర్చోవడమేంటి?"

వరసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా జేబులక్క నవ్వింది.

"నడుము నొప్పి మేడమ్" అంది కాలరక్క, చేతిలో గుడ్డ వదలకుండా.

"నడుము నొప్పి లేనిదెవరికి? కూర్చుని చేసే పని. నీ చేత రాళ్లేమైనా మోయిస్తున్నామా?" ఆమె బల్ల మీది కట్టను బొటనవేలితో తిరగేసింది. "నిన్నటి కట్ట ఇంకా ఇక్కడే ఉంది. చొక్కాలు కుట్టేవాళ్లు వాటిని మెడల్లేకుండా పంపాలా?"

"సాయంత్రానికి అయిపోతుంది మేడమ్."

"రేపు కంపెనీ డాక్టరొస్తాడు. చూపించుకో. ఏమైనా ఉంటే ఉందని చెప్తాడు. ఏమీ లేదన్నాడా, సోమవారం నుంచి దారాల బల్ల దగ్గర నిలబడి దారాలు కత్తిరించుకో. కాలర్లకి మా మరదలు కాచుకుని ఉంది."

ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. దారాల బల్ల అంటే ఏమిటో అందరికీ తెలుసు. మిషన్ రానివాళ్లూ, కళ్లు ఆననివాళ్లూ నిలబడే చోటు అది. అక్కడికి వెళ్లినవాళ్లు మళ్లీ మిషన్ ముందుకు రారు. గద్ద చెప్పులు టకటకలాడించుకుంటూ వరస చివరికి వెళ్లిపోయింది. నడిచే దారి నున్నగా, ఖాళీగా ఉంది. కొనుగోలుదారులు చూడ్డానికి వచ్చినప్పుడు దారిలో బుట్టలు అడ్డం ఉండకూడదని, వానలు మొదలైనప్పుడు గద్ద హుకుం జారీ చేసింది. అప్పటి నుంచి కట్టల బుట్టలన్నీ బల్లల కిందికి చేరాయి. ఆడవాళ్లు వాటికి చోటిచ్చి కాళ్లు సర్దుకున్నారు.

జేబులక్క గొంతు తగ్గించి అడిగింది. "నిజంగానే నడుమా?"

"కాక?"

"ఏమో. నడుము నొప్పి వాళ్లు వీపు పట్టుకుంటారు. నువ్వు కుంటుతావు."

"నీ జేబులు నువ్వు చూసుకో."

*

ఇంట్లో అత్తగారు ఆకుకూర గిల్లుతోంది. కోడలు గుమ్మం దగ్గర చెప్పులు విప్పడానికి గోడ పట్టుకోవడం చూసి, చేతిలో పని ఆపింది.

"వచ్చావా మహారాణీ? కూర్చునే పనికి కూడా నొప్పొస్తుందంటే ఇక పడుకునే పనికి ఎముకలు విరుగుతాయి కాబోలు."

"ఇప్పుడే వచ్చాను అత్తయ్యా. కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి."

"పీల్చుకో. ఊపిరికి నేనేమైనా అడ్డమా? నీ వయసులో నేను మూడంతస్తులు ఇటుకలు మోశాను. మోసి దిగి, వంట చేశాను. ఒక్కనాడు అమ్మా అన్నానా?"

అన్నదో లేదో చెప్పగలిగిన మనిషి, ఆవిడ కొడుకు, లారీ తోలుకుంటూ ఊళ్లు పట్టి తిరుగుతున్నాడు. కాలరక్క నేల మీద కూర్చోవడానికి ముందు ఎడమ చెయ్యి ఆనించింది. తర్వాత ఎడమ మోకాలు. తర్వాత కుడి కాలిని, అది తనది కానట్టు, రెండు చేతులతో పట్టుకుని పక్కకు పెట్టింది. అత్తగారు ఆకులు గిల్లడం మళ్లీ మొదలుపెట్టింది గానీ కళ్లు మాత్రం కోడలి మీదే ఉన్నాయి.

"సోమవారం నుంచి మిషన్ తీసేస్తారంట" అంది కాలరక్క.

"తీసెయ్యరూ మరి? కుంటి గుర్రాన్ని బండికి కడతారా ఎవరైనా?"

*

గద్ద కూర్చునే గాజు గదిలోనే డాక్టరును కూర్చోబెట్టారు. గద్ద బీరువాకు ఆనుకుని నిలబడింది. గుడ్డ కోసే మేస్త్రీ ఏవో అట్టముక్కల కోసం వచ్చి, అవి దొరికాక కూడా వెళ్లకుండా చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాడు. డాక్టరు పెద్దమనిషి. కళ్లద్దాలు తుడుచుకుంటూనే అడిగాడు.

"ఎక్కడమ్మా నొప్పి?"

ఆమె నోరు తెరిచింది. ఆ చోటికి ఎన్ని పేర్లున్నాయో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పిల్లలకు స్నానం చేయించేటప్పుడు అనే మాట ఒకటి. కుళాయి దగ్గర తిట్టుకునేటప్పుడు అనే మాట ఒకటి. మేస్త్రీ వింటుండగా, అద్దాలు తుడుచుకునే పెద్దమనిషి ముందు అనదగిన మాట ఒక్కటీ కనబడలేదు.

"నడుమండి."

"తిరుగు." ఆయన వీపు కింద వేళ్లతో నొక్కాడు. "ఇక్కడా?"

"కాస్త కిందికండి."

"ఇక్కడా?"

"ఇంకా..." ఆమె మేస్త్రీ వైపు చూసింది. అతను అట్టముక్కను తిరగేసి చూస్తున్నాడు. "ఆ చుట్టుపక్కలేనండి."

"ముందుకు వంగు. కాలి వేళ్లు ముట్టుకో."

వంగింది. ముట్టుకుంది. నడుము నిజంగానే బాగుంది. అది అంత బాగుండటం ఆమెకు అప్పుడు శాపంలా తోచింది.

"శుభ్రంగా వంగుతోంది" అన్నాడు డాక్టరు, గద్దతో. "నాకేమీ కనబడటం లేదు. కాస్త అలసట. అంతే."

"నేనూ అదే అన్నాను సార్. అలసట అందరికీ ఉంటుంది." గద్ద తలుపు తెరిచి పట్టుకుంది. కాలరక్క బయటికి నడుస్తుంటే మెల్లగా, నవ్వుతూ అంది. "నాటకానికి డాక్టరు దగ్గర మందు లేదమ్మా. నా దగ్గర ఉంది."

వరసలోకి ఆమె తిరిగి వచ్చేసరికే ఆ మాట షెడ్డంతా పాకింది. బాత్రూము దగ్గర ఎవరో నడుము మీద చెయ్యి వేసుకుని కుంటుతూ నడిచి చూపించారు. మిగతావాళ్లు కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున నవ్వారు.

*

శనివారం మధ్యాహ్నం పని లేదు. సర్కారు ఆసుపత్రిలో ఎముకల డాక్టరు పక్క గదిలో వ్యాయామాల డాక్టరమ్మ ఉంటుందని బొత్తాలు కుట్టే ఆవిడ చెప్పింది. కాలరక్క బయలుదేరుతుంటే అత్తగారు కూడా చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"మీరెందుకు అత్తయ్యా?"

"ఆ డాక్టరమ్మ ఏమంటుందో నా చెవులతో నేను వినాలి. తర్వాత నువ్వు నా కొడుక్కి ఇంకోలా చెప్పకుండా."

గది బయట బెంచీ నిండా జనం. మెడకు పట్టీ కట్టుకున్నవాళ్లూ, చేతికర్రల వాళ్లూ ఉన్నారు. పిలుపు వచ్చేవరకు కాలరక్క నిలబడే ఉంది. అత్తగారు బెంచీ మీద ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని, కోడలిని కింది నుంచి పైకి చూస్తూ ఉంది. లోపల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. విసుగు ముఖంలోనే ఉంది.

"చెప్పండి. త్వరగా. ఎక్కడ?"

"నడుమండి."

"నడుమేంటే?" అత్తగారు గొంతెత్తింది. "తెల్లారి లేచింది మొదలు ముడ్డి పట్టుకుని నడుస్తావు, ఇక్కడికొచ్చి నడుమంటావా? ఏమ్మా డాక్టరమ్మా, కుడి ముడ్డి. అక్కడ చూడు. అబద్ధాల కోరు ఇది."

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద ఎవరో దగ్గారు. కాలరక్క ముఖం కాలిపోయింది. అత్తగారిని అక్కడికక్కడ గోడకేసి కొట్టాలనిపించింది.

డాక్టరమ్మ మాత్రం మొదటిసారి తలెత్తి చూసింది. లేచి తలుపు వేసింది.

"పిర్రలోనా? వేలు పెట్టి చూపించండి. ఒక్క వేలు. అరచెయ్యి కాదు."

కాలరక్క వేలు పెట్టింది.

"కాలికి దిగుతుందా?"

"మోకాలి వెనక దాకా."

"పాదం మొద్దుబారుతుందా? ఒంటేలుకు వెళ్లేటప్పుడు ఏమైనా తేడా? లేదా? మంచిది. పడుకోండి."

వెల్లకిలా పడుకోబెట్టి కాలిని నిటారుగా ఎత్తింది. మోకాలు మడిచి బయటికి తిప్పింది. తర్వాత అదే మోకాలిని ఎదుటి భుజం వైపు నెట్టింది. అప్పుడు కాలరక్క మంచం అంచు పట్టుకుని అరిచింది.

"ఇదా?"

"అదేనండి. అదే."

"పిర్ర నొప్పికి పిర్రే కారణం కానక్కర్లేదమ్మా. నడుము పూసల మధ్య నరం నలిగినా అక్కడే నొస్తుంది. తుంటి కీలు పాడైనా అంతే. నడుమూ తుంటీ కలిసే కీలు పట్టేసినా అంతే. కూర్చునే ఎముక దగ్గర వాచినా అంతే. మీకు అవేవీ కావు అనిపిస్తోంది. పిర్ర లోపల, అడుగున, చిన్న కండ ఒకటుంటుంది. కాలిని బయటికి తిప్పేది అదే. అది బిగుసుకుపోయి దాని పక్కనుంచి దిగే నరాన్ని పట్టుకుంది. నడుమని రాసుకుంటే నడుముకు బెల్టు కట్టి పంపేసేదాన్ని. ఏం పని చేస్తారు?"

"కూర్చునే పని" అంది అత్తగారు.

"మిమ్మల్ని అడగలేదండీ."

"కుట్టు మిషన్" అంది కాలరక్క.

డాక్టరమ్మ కాలితో ఒక స్టూలు ఆమె ముందుకు తోసింది. "మిషన్ ముందున్నట్టు కూర్చోండి. నేను చూస్తున్నానని మర్చిపోండి."

కాలరక్క కూర్చుంది. చేతులు తమంతట అవే గుడ్డ పట్టుకున్నట్టు ముందుకు వచ్చాయి. కుడి కాలు దూరంగా, కుడి వైపుకు జరిగి, పాదం బయటికి తిరిగి, లేని పెడల్ మీద ఆగింది. ఎడమ కాలు స్టూలు కిందికి ముడుచుకుపోయింది.

"అలా ఎందుకు పెట్టారు కాలు? పెడల్ మీకెదురుగా ఉండదా?"

"ఉండేదండి. బుట్ట పెట్టుకోవాలని అందరం పక్కకు జరుపుకున్నాం."

"ఏ బుట్ట?"

ఆమె చెప్పింది. చెబుతూ ఉండగానే నోట్లో మాట నెమ్మదించింది. బల్ల కింద ఎదురుగా బుట్ట. బుట్టకు అవతల పెడల్. పెడల్ కోసం చాచిన కాలు. వానలు మొదలైనప్పుడు బుట్ట లోపలికి వచ్చింది. వానలు వెలిసేసరికి నొప్పి వచ్చింది.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ కండను మెలిపెట్టి, దాని మీదే కూర్చుంటున్నారు" అంది డాక్టరమ్మ. "వ్యాయామాలు చెప్తాను. రోజూ చెయ్యండి. వారాలు పడుతుంది. కానీ అలాగే కూర్చుంటానంటే మాత్రం నా దగ్గరికి మళ్లీ రాకండి. నా టైమూ దండగ, మీ టైమూ దండగ."

బయటికి వచ్చాక రోడ్డు దాటేటప్పుడు కాలరక్క ఆగిపోయి, పళ్లు బిగబట్టి అంది. "బెంచీ మీద అంత మంది వింటుంటే, నా పరువు తీశారు."

"ఉన్న చోటు పేరు చెప్తే పరువు పోతుందా? దాని మీద కూర్చునేగా ఇల్లు గడుపుతున్నావు?" అత్తగారు ముందుకు నడిచింది. "రా. లారీ గుద్దితే అప్పుడు అన్ని చోట్లా నొస్తుంది."

*

సోమవారం గంట కొట్టకముందే కాలరక్క షెడ్డులో ఉంది. బల్ల కింది బుట్టను నడిచే దారిలోకి లాగింది. పెడల్ కడ్డీ మీద బిగించిన నట్టు తుప్పు పట్టి ఉంది. మిషన్లకు నూనె పోసే బాబాయిని పానా అడిగింది.

"ఆవిడ చెప్పకుండా నట్టు ముట్టుకుంటే నన్ను గేటు బయట పెడుతుంది తల్లీ" అన్నాడు బాబాయి. అని, పానాను ఆమె బల్ల మీద మర్చిపోయినట్టు పెట్టి, నీళ్లు తాగడానికి వెళ్లాడు.

ఆమె బల్ల కిందికి వంగి నట్టు వదులు చేసి, పెడల్‌ను ఎదురుగా జరిపి, బిగించింది. కూర్చుని చూసింది. రెండు మోకాళ్లూ సూదికి ఎదురుగా వచ్చాయి. నొప్పి పోలేదు. కానీ మెలి కాస్త సడలింది.

కట్టలో పైనున్న కాలర్లు కొన్ని కుట్టిందో లేదో, దారిలో ఉన్న బుట్టకు గద్ద కాలు తగిలింది.

"ఇదెవరిది?"

"నాదే మేడమ్. బల్ల కింద ఉంటే కాలు పక్కకు చాచాల్సి వస్తోంది. అందుకే నొప్పి."

"నడుముకీ బుట్టకీ ఏంటమ్మా సంబంధం?"

మిషన్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. కోత బల్ల దగ్గర మేస్త్రీ కత్తెర పక్కన పెట్టాడు.

"నడుము కాదు మేడమ్. పిర్ర. కుడి పిర్ర."

మగవాళ్ల వైపు నుంచి ఒక కూత వినబడింది. ఆడవాళ్లు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. అయినా కాలరక్క చెప్పింది. "కూర్చునే తీరు వల్ల లోపల కండ బిగుసుకుని నరం పట్టేసింది. ఆసుపత్రిలో చూసి చెప్పారు."

"మన డాక్టరు ఏమీ లేదన్నాడుగా?"

"ఆయనతో నేను నడుమని అబద్ధం చెప్పాను."

గద్ద వరసను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. తర్వాత రెండు చేతులూ చాపింది. "విన్నారుగా అందరూ? అబద్ధం చెప్పానని తన నోటితో తనే అంటోంది. డాక్టరుకు ఒక మాట, నాకు ఒక మాట. రేపు ఇంకో చోట నొప్పంటుంది. సరే, ఇంకెవరికైనా ఉందా ఈ బుట్ట రోగం? చెయ్యెత్తండి."

కాలరక్క తల తిప్పి జేబులక్కను చూసింది. జేబులక్క కూడా ఎడమ వైపు ఒరిగే కూర్చుని ఉంది. ఎన్నాళ్ల నుంచో అలాగే కూర్చుంటోందని కాలరక్కకు అప్పుడు తెలిసింది. ఆమెకు అవతల బొత్తాలావిడ కింద మడత పెట్టిన దుప్పటి. ఆ అవతల ఇంకొకామె ఒక కాలు చాచి, ఒక కాలు ముడిచి. జేబులక్క తల వంచుకుని ఒక జేబును చొక్కా ముక్క మీద సర్దింది. సర్దిందే సర్దింది.

"చూశావా?" అంది గద్ద. "బుట్ట లోపల పెట్టు. లేదా లే."

కాలరక్క లేచింది. దారాల బల్ల దగ్గరికి కుంటుతూనే నడిచింది. వెనక ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆమెకు.

*

మర్నాడు గద్ద మరదలు కాలర్ల మిషన్ మీద కూర్చుంది. బొద్దుగా, చురుగ్గా ఉన్న మనిషి. కూర్చోగానే బల్ల కింద కాళ్లు ఆడించి, ముఖం చిట్లించింది.

"వదినా! ఈ బుట్ట అడ్డమొస్తోంది. కాళ్లెక్కడ పెట్టుకోను?"

దారాల బల్ల దగ్గర కాలరక్క చేతిలో కత్తెర ఆగింది.

గద్ద గాజు గది గుమ్మంలో ఉంది. ఇటు చూసింది, అటు చూసింది. "కాస్త బయటికి జరుపుకో" అంది, గొంతు వీలైనంత చిన్నది చేసుకుని. షెడ్డులో ఆ మాట విననివాళ్లు లేరు. బుట్ట గచ్చు మీద గరగరలాడుతూ దారిలోకి వచ్చింది. అందరూ దాన్ని చూశారు. చూసి, మళ్లీ తమ సూదుల వైపు తిరిగారు.

మరదలు కుట్టిన కాలర్లు దారాల బల్ల మీదికి వచ్చాయి. ఒకదాని మొన మొద్దుగా ఉంది. ఒకదాని మొన చిరిగింది. కాలరక్క వాటి దారాలు కత్తిరించి, నీటుగా పేర్చి, చొక్కాల వరసకు పంపింది. ఒక్క మాటా అనలేదు. మధ్యాహ్నం కావస్తుండగా చొక్కాల వరస ఆగిపోయింది. కాలర్లన్నీ వెనక్కి తిరిగి వచ్చాయి. మెడల్లేని చొక్కాలు బల్లల మీద కుప్పలు పడ్డాయి. సాయంత్రమయ్యేసరికి, సరుకు ఎక్కించుకోవడానికి బండి వచ్చి గేటు దగ్గర ఆగి ఉంది. మేస్త్రీ గాజు గదిలోకి వెళ్లి ఏదో గట్టిగా అరిచాడు. కాసేపటికి మరదలు ముక్కు ఎగబీల్చుకుంటూ బయటికి వెళ్లింది.

గద్ద దారాల బల్ల వైపు చూసి, గడ్డంతో కాలర్ల మిషన్ చూపించింది.

కాలరక్క కత్తెర పెట్టి వెళ్లింది. స్టూలు వెనక నిలబడింది. కూర్చోలేదు.

"బుట్ట ఎక్కడ పెట్టమంటారు మేడమ్?"

"ముందు కూర్చో. బండి ఆగి ఉంది."

"కూర్చోవడానికే అడుగుతున్నా."

గద్ద దవడలు బిగుసుకున్నాయి. "బయటే ఉండనీ."

"అందరివీనా?"

"నీ పని నువ్వు చూసుకో."

కాలరక్క స్టూలు అంచు పట్టుకుని అలాగే నిలబడింది. కాలు లాగుతోంది. గేటు దగ్గర బండివాడు హారన్ కొట్టాడు. అటు తల తిప్పిన గద్దను మళ్లీ ఇటు తిప్పేలా, ఇంకాస్త గట్టిగా అడిగింది.

"అందరివీనా మేడమ్?"

"అందరివీ! చాలా?"

అప్పుడు కూర్చుంది. రెండు పక్కలా సమంగా. నిన్న బుట్ట లోపలికి తోసినప్పుడు ఎవరో పెడల్‌ను మళ్లీ పక్కకు జరిపారు, నట్టు సరిగా బిగించలేదు. దాన్ని పాదంతో ఎదురుగా నెట్టింది. కుడి పిర్ర స్టూలుకు ఆనగానే నొప్పి కళ్ల దాకా వచ్చింది. అయినా పైకి లేపలేదు.

వరస చివర ఒక బుట్ట గరగరమంది. తర్వాత ఇంకొకటి. తర్వాత పక్కనే. జేబులక్క బుట్టను దారిలోకి తోసి, నిటారుగా కూర్చుని, ఎటో చూస్తూ మెల్లగా అంది.

"నాకూ ఎప్పట్నుంచో అక్కడే అక్కా."

"నిన్న అడిగినప్పుడు నోట్లో ఏం కుక్కుకున్నావు? జేబులా?"

కాలరక్క ఆమె వైపు చూడలేదు. చెడిన కాలరు ఒకటి తీసుకుని, మరదలి కుట్టు విప్పి, దారం దులిపి, మొన దగ్గర సూదిని గుడ్డలో ఆపి తిప్పింది.